కృష్ణానదిపై జెట్ పడవ

మిరపబస్తాల బండి మిట్టనుండి పల్లమునకు దిగునపుడు తోలువాని నేర్పంతయు ఎడ్లను నడుపుటలో గాక నిలువరించుటలో నుండును. మెట్టపొలముల నడుమ పెరిగినదానను గనుక ఈ సంగతి నాకు చిన్ననాడే తెలియును. నీటిమీదను ఇదే ధర్మమని మాత్రము మొన్న మాఘమాసములో కృష్ణానదిపై తెలిసికొంటిని.

మావారు సత్తెనపల్లి ప్రాంతమున నొక పల్లెలో ఉపాధ్యాయులు. మా చుట్టును నల్లరేగడి నేలలే. అప్పటికి ప్రత్తితీతలు ముగిసి చేలలో మోళ్లు మిగిలినవి; కళ్లములలో మిరపపండ్లు ఎఱ్ఱగా పఱచుకొని యెండుచున్నవి. ఒక సెలవునాడు నదిని చూపుమని పిల్లలిద్దఱును పట్టుపట్టగా తెల్లవారుజామున బయలుదేఱితిమి. గుంటూరు మిర్చియార్డు దరిదాపులకు వచ్చుసరికి బస్సులోని వారందఱును తుమ్మనారంభించిరి. మంగళగిరి, తాడేపల్లి దాటి సీతానగరము చేరి, అచట ఆటో ఎక్కి ప్రకాశము బ్యారేజి మీదుగా విజయవాడ యొడ్డునకు పోతిమి.

ఈ బ్యారేజి 1957లో పూర్తియైనది. అంతకుముందు 1855 నాటి పాత ఆనకట్ట యుండెడిది. దీనికిని, మా పుట్టినూరగు ఒంగోలు ముఖ్యపట్టణముగాగల జిల్లాకును టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరే పెట్టబడినది. నదిని ఆపుట యనగా ఎండగట్టుట గాదు; దాని బలమును కాలువలలోనికి మరల్చుట. బ్యారేజికి ఎగువను నీరు చెరువువలె నిండి భవానీద్వీపము చుట్టును నిశ్చలముగా నుండును. ఆ నిశ్చలతను చూచియే కాబోలు, 2018 నవంబరులో ప్రపంచపు వేగపడవల పోటీలలో నొకదానిని ఇచటనే జరిపిరి.

మావాడు నీటిపై దూసుకొనిపోవు చిన్న పడవను చూచి, ‘‘అమ్మా, అది ఎక్కుదమే!’’ అనెను. నా గుండె జల్లుమన్నది. 2017 నవంబరు 12వ తేదీ, కార్తికమాసపు ఆదివారము. ఇబ్రహీంపట్నము చెంత పవిత్రసంగమము వద్ద, పట్టదగినవారికంటె ఎక్కువమందిని ఎక్కించుకొన్న పడవ తిరగబడి ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది ఒంగోలువారు. నాడు మా అమ్మగారి వీథిలో తెల్లవారువఱకు దీపములు ఆరలేదు. అప్పటినుండి నేను పడవ ఎక్కనని ఒట్టుపెట్టుకొంటిని.

మావారు నా మొగము చూచి, ‘‘వలదన్నచో మానుదము. కాని ముందు అడిగి తెలిసికొందము,’’ అనిరి. రేవునందున్న పడవవానిని, ‘‘తమ్ముడూ, నీ పడవ వేగము సంగతి తరువాత. ఆపుట యెట్లో చెప్పుము,’’ అంటిని. ఆ చిన్నవాడు నవ్వి, ‘‘అందరూ వేగం అడుగుతారమ్మగారూ, ఆపడం అడిగింది మీరే,’’ అని పడవ వెనుకభాగమును చూపెను.

జెట్ పడవకు వెలుపల తిరుగు ఱెక్కల చక్రముండదు. పడవ అడుగున నొక రంధ్రము నీటిని పీల్చును. లోపలి చక్రము దానిని బలముగా నెట్టి వెనుక గొట్టమునుండి ధారగా చిమ్మును. ధార వెనుకకు పోగా పడవ ముందునకు పోవును. పెరటిలో పంపు గొట్టపు మూతికి చిప్పవలె అరచేతిని అడ్డుపెట్టినచో నీరు మరలి మన మీదికే చిమ్మును గదా! అట్లే ఇచట గొట్టము వెనుక మూకుడువంటి దొకటి వేలాడుచుండును. మీట లాగగానే అది దిగి, వెనుకకు పోవు ధారను ముందువైపునకు మరల్చును. నడిపించిన నీరే నిలువరించును. వేఱొక బ్రేకు లేదు.

అతడు చెప్పిన మఱియొక మాట నా మనస్సులో నాటుకొన్నది. ఈ పడవకు చుక్కాని యుండదు. ధారను ప్రక్కకు త్రిప్పుటచేతనే పడవ మలుగును. ‘‘కొత్తవాళ్లు ఎదురుగా ఏదన్నా కనబడగానే భయపడి ఇంజను వేగం తగ్గించేస్తారమ్మగారూ. అప్పుడు పడవ ఆగదు, మలుపూ తిరగదు. తిన్నగా పోయి దాన్నే కొడుతుంది.’’ గుఱ్ఱపుడెక్క రంధ్రమున చిక్కుకొన్నను ఇదే యపాయమట. ధార లేనిచో మలుపును లేదు, నిలుపును లేదు.

రక్షణచొక్కాలు తెప్పించి, పిల్లల పట్టీలు నేనే రెండుమాఱులు లాగి చూచితిని. నలుగురమే ఎక్కితిమి. ‘‘ఆపబోవుటకు ముందు చేయి యెత్తుము,’’ అని మాట పుచ్చుకొంటిని. పడవ ద్వీపమువైపు దూసికొనిపోయెను. ఇంద్రకీలాద్రి ప్రక్కకు జరిగిపోవుచున్నట్లుండెను. అతడు చేయి యెత్తెను. కమ్మీని గట్టిగా పట్టుకొంటిమి. మీట పడగానే పడవ ముక్కు నీటిలోనికి క్రుంగెను. నీళ్లు గొడుగువలె లేచినవి. మా శరీరములు ముందునకు తూలినవి. కొలదిబారలలోనే పడవ నిలిచిపోయెను. నిలిచితిమిగదా యనుకొనుచుండగా, మా వెంట వచ్చుచున్న మా అలయే వెనుకనుండి మమ్ము ఎత్తి దింపెను! పిల్లలు కేరింతలు కొట్టిరి. కమ్మీ పట్టుకొననివాడెవ్వడైన నున్నచో ముందువానిమీద పడియుండును.

ఈ యంత్రమును 1950 దశకములో న్యూజీలాండు దేశపు గొఱ్ఱెల కాపరి యజమాని విలియం హామిల్టను చక్కదిద్దెను. తమ కొండప్రాంతపు లోతులేని నదులలో ఱెక్కల చక్రము రాళ్లకు తగిలి విఱుగుచుండుటచే ఆయన ఈ మార్గము వెదకెను. 1960లో ఇట్టి పడవలు అమెరికాలోని కొలరాడో మహాలోయలో ప్రవాహమునకు ఎదురెక్కినవి. అవసరమునకు పుట్టినదే నేడు వినోదమైనది. వినోదమునకైనను క్రమము వలయును. సోదరీమణులారా, రేవునకు పోయినపుడు చొక్కాలున్నవా, ఎందఱిని ఎక్కించుచున్నారు, పడవ ఎట్లాగును అని మూడు ప్రశ్నలు మొగమోటము లేక అడుగుడు. జవాబు చెప్పనివాని పడవ ఎక్కకుడు.

ఆ రాత్రి ఇల్లు చేరి ఒంగోలునకు ఫోను చేసితిని. పడవ ఎక్కితినని చెప్పగానే అమ్మ చాలసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా, ‘‘పిల్లల చొక్కాలు బిగించి కట్టితివా?’’ అని అడిగెను. ‘‘రెండుమాఱులు లాగి చూచితినమ్మా,’’ అంటిని. ‘‘అట్లయిన సరే,’’ అని మిరపపండ్ల ధర యడుగసాగెను.