ఆర్మూరు తాటివనము

ఆర్మూరు పొలములలో ఉడికించి యారబోసిన పసుపుకొమ్ముల పరిమళము దాటి, ఒకనాటి వేకువను నా భర్తతో తాటివనమునకు బోయితిని. వెనుక నవనాథ సిద్ధేశ్వరుని గుట్ట నల్లగా నుండెను.

గౌడు మోకుతో చెట్టు దిగి, లొట్టి వంచి తాటాకు దొప్పలో బోసెను. మా యింట కల్లు మాటయే తప్పు. ఐనను రుచి యెఱుగక నిందింపరాదని యొక్క గుటక గ్రహించితిని. మొదట తీపి, పిదప చిఱువగరు, తుదకు పులిసిన పిండి వాసన!

సున్నము పూసిన లొట్టిలో రసము తియ్యని నీరాగా నిలుచును. పూయనిదానిలో సూక్ష్మజీవులు ఆ తీపిని గడియగడియకు మద్యముగా మార్చును. ఆంగ్లేయులు పీపాలోనే పులియు చేదు యవమద్యమును సజీవమని మెచ్చుకొందురు. మన లొట్టియు నట్టిదే.

“అమ్మా, పొద్దటి కల్లు మాపటికి అట్ల ఉండదు. ఎప్పుడూ ఒక్కతీరుండేది చెట్టుది కాదు” అనెను గౌడు.

ఆ మాట మఱవరానిది. నీటిలో క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రాజోలము వంటి మత్తుమందులు కలిపి కల్లని యమ్మువారు కలరు. 2015లో ఈ జిల్లాలో ఆ కల్తీ నరికట్టగా, దానికి అలవాటుపడినవారు వణకుచు, మతి చలించి ఆసుపత్రుల జేరిరి.

సోదరీమణులారా! త్రాగుడని చెప్పను. ఇంటివారు త్రాగుదురేని, ఏ చెట్టుది, ఎవరు గీసిరని యడుగుడు. చెట్టెఱుగని కల్లును గడప దాటనీయకుడు.