శకటంగిలము - గుటకాసురుడు

ఉయ్యూరు వీరమ్మ తిరునాళ్ళకు మా యింటికి వచ్చిన మనుమరాలు ఒక కథ వ్రాయుచు నన్నొక పేరడిగినది. పుల్లేరు కాలువలో దాగియుండి, చక్కెర కర్మాగారమునకు పోవు చెరకుబండ్లను ఎడ్లతోకూడ మ్రింగు భూతమట అది. "తాతగారూ, నిజం పేరులా ఉండాలి" అని ఆ ఆరవ తరగతి పిల్ల నియమము. లేనిదానికి నిజమైన పేరేమని నవ్వితిని గాని, ఆ మాట నన్ను విడువలేదు.

పాఠశాలలో కౌముది వల్లించిన బుద్ధి వెంటనే తిమింగిలము వైపు పోయినది. తిమి యనగా మహామత్స్యము. దానిని మ్రింగునది తిమింగిలము. నడుమనున్న ముమాగమము వార్తికసిద్ధము. దానినిగూడ మ్రింగునది తిమింగిలగిలము. దానికిని వేరొక వార్తికము కలదు. ఎవరును చూడని జంతువునకు సైతము ఆగమము విధించిన శాస్త్రము మనది. ఆ యౌగికపదమే తెలుగున సముద్రమునందు నిజముగా సంచరించు మహాప్రాణికి రూఢమైనది. ఆ త్రోవనే "శకటంగిలము" అని చెప్పి, బండిని మ్రింగునదని వివరించితిని.

"దాన్ని చూసి పరుగెత్తేవాడు ఇంత పేరు పలుకుతాడా తాతగారూ?" అని, ఆమె తానే "గుటకాసురుడు" అని వ్రాసికొన్నది.

గుటక దేశ్యము, అసురశబ్దము తత్సమము. సమాసము వైరి, సవర్ణదీర్ఘమును చెల్లదు. చేయి ఎఱ్ఱసిరా కలము వైపు పోయి ఆగినది. ఆగుటకు కారణము కలదు.

చాల ఏండ్ల క్రిందట ఒక విద్యార్థి తన పద్యములు తెచ్చి చూపెను. అందొక పల్లెకారుడు సముద్రమున కనబడిన వింతమృగమును పేరుపెట్టి కేకవేయును. ఆ పేరు వైరిసమాసమని నేను పద్యమంతయు కొట్టివేసితిని. అతడు మరల నాకు పద్యము చూపలేదు. ఆ వారమే నేను తరగతిలో శాకుంతలము ఆఱవ యంకము చెప్పుచుంటిని. అందు ఉంగరము దొరికిన జాలరి మాగధిలో మాటలాడును. కాళిదాసు అతని నోట సంస్కృతము పెట్టలేదు. పాఠము చెప్పిన నాకు పాఠము పట్టుబడలేదు.

పురాణనామములను ఈ దృష్టితో మరల చూచితిని. ఘటోత్కచుడనగా కుండవంటి తల, దానిపై వెండ్రుకలు లేవు. శూర్పణఖ గోళ్ళు చేటలు. కుంభకర్ణుని చెవులు కుండలు. భయపడిన కన్ను మొదట దేనిని పట్టుకొన్నదో అదియే పేరైనది. కుండయు చేటయు చూచినవాని యింటిలోని వస్తువులే. కనుకనే ఆ పేర్లు నమ్మదగియున్నవి.

1957లో వచ్చిన మాయాబజార్ చిత్రమునకు మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు ఈ రహస్యమెరిగినవారు. అస్మచ్ఛబ్దమునుండి అస్మదీయము వచ్చును. తచ్ఛబ్దమునుండి తదీయమే గాని "తసమదీయము" రాదు. వీరతాడు వైరిసమాసము. కాని సంస్కృతమును క్రొత్తగా నేర్చు రాక్షసులు అట్లుగాక మరెట్లు మాటలాడుదురు? ఆ తప్పే ఆ లోకమునకు సాక్ష్యము. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారు తమ ధారావాహికకు "రాకాసి లోయ" అని పేరుపెట్టిరి. "రాక్షసీ ద్రోణి" అనినచో అర్థము మిగులును, భయము పోవును.

పేరు సాధువగుట వేరు, నమ్మదగినదగుట వేరు. మొదటిది వ్యాకర్త నిర్ణయింపవలసినది. రెండవది ఆ పేరు పలికినవాడెవడో అడిగి తెలిసికొనవలసినది. నేను జీవితమంతయు మొదటి ప్రశ్ననే అడిగితిని.

గుటకాసురుని దిద్దలేదు. అయితే శకటంగిలమును ఆమె పారవేయలేదు. కథలో బండితోలువాడు "గుటకాసురుడొచ్చాడు!" అని అరచును, ఊరి పంతులుగారు మాత్రము కళ్ళజోడు సవరించుకొని, దాని అసలు పేరు శకటంగిలమని చెప్పును. ఆయన చెప్పి ముగించులోపల మరి రెండు బండ్లు మాయమైనవి.