మా కరెంటు సైకిలు

“బంగారమమ్మి ఇనుము కొంటాండారా?” అని మా అత్తగారు ప్రొద్దుటూరి యింటి యరుగుమీద నిలిచి యడిగినప్పుడు మేము సరియైన యుత్తరము చెప్పలేకపోతిమి. అది ఇనుము గాదనియు, అల్యూమినియమనియు మావారు మెల్లగా ననిరి. ఆ మాట ఆమెకు సమాధానము కాలేదు. సోదరీమణులలో గొందఱకును ఆమె సందేహమే కలుగవచ్చును గావున, మేమీ వస్తువును ఏల కొంటిమో, కొనుటలో నేమి పొరపడితిమో దాపఱికము లేక వ్రాయుచున్నాము.

మేము కాపురముండునది జమ్మలమడుగు. మావారు గండికోట దారినుండి చీలిపోయిన యొక పల్లెలో ఉపాధ్యాయులు. ఊరికిని బడికిని పది కిలోమీటర్ల దూరము. అందు ఏడు తారురోడ్డు. తక్కిన మూడును బాట యనుటకు వీలులేనిది. నాపరాళ్ల లారీలు వానకాలమున దున్నిన చాళ్లు వేసవిలో ఎండి రాయివలె గట్టిపడును. వాని నడుమ గుండ్రాళ్లు, వానిమీద సర్కారుతుమ్మ ముండ్లు. ఆ మూడు కిలోమీటర్లలో రెండుచోట్ల ఏటవాలు ఎక్కుడు గలదు. మావారు అయిదేండ్లు మోటారుసైకిలుపై తిరిగి నడుము చెడగొట్టుకొనిరి. కాళ్లు కదపక కూర్చుండుటయే మోకాళ్లకు శత్రువని వైద్యుడు చెప్పెను.

మాకును ఆ బాటతో పని గలదు. ప్రతి శనివారము మధ్యాహ్నము ఆ పల్లెలోని యాడుపిల్లలకు పద్యములు చెప్పుటకు పోవుచుందుము. మా బడిచదువు ఎనిమిదవ తరగతితో నిలిచిపోయినది గాని, తండ్రిగారు ఇంటనే కూర్చుండబెట్టి భారత భాగవతములు చదివించిరి. ఆ చదువునకు పట్టము లేదు, జీతము లేదు. వినుటకు ఎనమండుగురు పిల్లలు దొరికినది ఆ పల్లెలోనే. అచటికి బస్సు ఉదయమొకటి, చీకటి పడిన పిదప నొకటి. మావారి వెనుక మోటారుసైకిలుపై కూర్చుండి పోయి, వారికి తీరిక గలిగినప్పుడు తిరిగివచ్చుట మా వాడుక. తీరిక లేని శనివారములు పిల్లలు ఎదురుచూచి యిండ్లకు పోయెడివారు.

కరెంటు స్కూటరు కొనరాదా యని అందఱు నడిగిరి. తారురోడ్డు మాత్రమే గలవారికి మేమును ఆ మాటయే చెప్పుదుము. అట్టివారికి కొండసైకిలు వట్టి బరువు, వట్టి ఖర్చు. స్కూటరు చిన్నచక్రము మా బాటలోని చాళ్లలో చిక్కుకొనిన, దానిని పైకి లాగుటకు ఇద్దఱు మనుష్యులు కావలెను. ఇది గాక మఱియొక కారణము గలదు. దానిని చెప్పుటకు కొంచెము వెనుకకు పోవలెను.

మా పుట్టినిల్లు పులివెందుల. తండ్రిగారికి ఊరిబయట చీనీతోట యుండెను. వారి పెద్ద సైకిలును తోటలో చెట్లసందున, కడ్డీ క్రిందుగా కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కుచు మేము పదునొకండవ యేట నేర్చితిమి. పడితిమి, మోచేయి చీరుకొంటిమి, మఱునాడు మఱల నెక్కితిమి. రెండేండ్లు గడచిన పిదప ఒకనాడు సైకిలును తోటయింటి దూలమునకు వ్రేలాడదీసిరి. ఎవరును కోపపడలేదు. “ఇక పెద్దదానవైతివి” అని అమ్మ తల నిమిరినది, అంతే. దానికి పదేండ్లు ముందే, 1990 తరువాతి యేండ్లలో, తమిళనాటి పుదుక్కోట్టై జిల్లాలో అక్షరోద్యమముతోపాటు వేలకొలది పల్లె స్త్రీలు సైకిలు నేర్చి రోడ్ల కెక్కిరని మేము చాల కాలమునకు చదివితిమి. ఆ వార్త మా తోటవఱకు రాలేదు కాబోలు.

కావున మావారు సైకిలు మాట యెత్తినప్పుడు, సొమ్ము మేమిచ్చెదమంటిమి. పెండ్లినాటి సన్నగాజుల జత పెట్టెలో యుండెను. బంగారపు టంగళ్లకు ప్రొద్దుటూరు పేరుపడిన యూరు. ఆ వీధిలో కొనువారి ముఖములు వేఱు, అమ్మువారి ముఖములు వేఱు. తరుగు పోను చేతికి వచ్చిన సొమ్ముతో సైకిలంగడికి పోయితిమి. మేము గోరిన రకము అంగడిలో లేదు. బెంగుళూరినుండి తెప్పించి యిచ్చెదమనిరి. వెల 68,000 రూపాయలు.

ఇక సైకిలు మాట. ఇట్టివానికి ముందును వెనుకను గూడ షాకులుండును. ముందర మాత్రమున్నవి చౌక, తేలిక. మా మూడు కిలోమీటర్ల రాళ్లవలన, మావారి నడుమువలన రెండును గల దానిని కోరితిమి. ఈ జాతి సైకిళ్లు 1970 తరువాతి యేండ్లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందఱు యువకులు పాత సైకిళ్లపై కొండ దిగుటతో పుట్టినవట. వారికి దిగుటయే వేడుక. మాకు ఎక్కుటయే కష్టము. ఆ కష్టమునకే మోటారు.

మోటారు శక్తి 250 వాట్లకు లోబడి, వేగము గంటకు 25 కిలోమీటర్లు మించక, బ్యాటరీ గాక బరువు 60 కిలోలలోపుగా నున్నచో మన దేశపు చట్టము దానిని మోటారు వాహనముగా నెంచదు. లైసెన్సు వలదు, రిజిస్ట్రేషను వలదు. అంగడివాడు ఒక తీగ మార్చినచో నలుబది వేగము పోవునని గుసగుసలాడెను. అట్లు చేసిన చట్టపు నీడ తొలగిపోవును. వలదంటిమి. బ్యాటరీ కొనువారు ఎన్ని కిలోమీటర్లు పోవునని యడుగుట కంటె దాని వోల్టులను ఆంపియరు గంటలతో గుణించి చూచుకొనుట మేలు. మాది 36 వోల్టులు, 13 ఆంపియరు గంటలు. 468 వాట్ల గంటలు. అనగా ఒకమాఱు నిండుటకు సుమారు అరయూనిటు కరెంటు. పప్పు రుబ్బుటకు ఇంట దీనికంటె నెక్కువ దిగులు పడుదుము. మండుటెండలో వచ్చి వెంటనే చార్జరు తగిలింపరాదు. నీడలో చల్లారనిచ్చి తగిలింపవలెను. మా సీమ వేసవిలో ఈ యొక్క నియమము తప్పినవారి బ్యాటరీ తొందరగా ముసలిదగును.

మోటారు వెనుకచక్రపు నడుమ నున్నది. తొక్కుడుబిళ్ల తిరిగెనా లేదా యని మాత్రమే అది కనిపెట్టును గాని, పాదము ఎంత బలముగా నొత్తెనో తెలిసికొనలేదు. ఒత్తిడిని గుర్తించు రకము గలదు గాని వెల మాకందలేదు. నలమహారాజునకు గుఱ్ఱముల హృదయము తెలియునందురు. మా మోటారునకు మా పాదముల హృదయము తెలియదు. మొదటి తొక్కుడునకే ముందుకు దూకును. గులకరాళ్లపై బయలుదేరునప్పుడు దానిని మొదటి మెట్టులోనే యుంచవలెనని ఒకమాఱు బోర్లపడి నేర్చుకొంటిమి. ముండ్ల సంగతియును చెప్పవలెను. మోటారున్న చక్రమును విప్పుటకు పంచరుకొట్టు అబ్బాయి జంకెను. చక్రము విప్పకయే టైరు ఒకప్రక్క తీసి, ట్యూబు బయటికి లాగి అతుకు వేయవచ్చునని తరువాత వాడే కనిపెట్టినాడు. ఇప్పుడు ట్యూబులలో ముండ్లరంధ్రముల పూడ్చు ద్రవము పోయించితిమి.

అసలు పొరపాటు వేఱొకటి. సైకిలు వచ్చిన వారమంతయు మావారెక్కిరి. “పరుపుమీద కూర్చున్నట్లున్నదే!” అని మురిసిరి. శనివారము మేమెక్కితిమి. తారురోడ్డుపై హాయి. రాళ్లబాట మొదలుకాగానే ప్రతి రాయియు వెన్నెముకలో పలికినది. పల్లె చేరునప్పటికి చేతులు వణకుచుండెను. పద్యము చెప్పబోయి గొంతు సవరించుకొంటిమి. పిల్లలు నీళ్లిచ్చిరి. ముప్పదియాఱేండ్లు దాటిన దేహమునకు ఇది తగదేమో, అత్తగారి మాటయే నిజమేమో యని ఆ సాయంకాలమంతయు నొకటే చింత. మావారితో చెప్పితిమి గాదు.

రెండవ శనివారమును అట్లే జరిగినది. మూడవ వారము మావారు చూచి, సైకిలును గోడకానించి పట్టుకొని మమ్ము దానిపై కూర్చుండుమనిరి. పిల్లల స్కేలు తెచ్చి వెనుకషాకు కొలిచిరి. దాని కడ్డీ మొత్తము 38 మిల్లీమీటర్లు లోనికి పోగలదు. మనిషి ఊరక కూర్చున్నప్పుడు అందు నాలుగవవంతు మొదలు మూడవవంతు వఱకు దిగవలెను. అప్పుడే రాయి తగిలిన పైకిని గుంట వచ్చిన క్రిందికిని ఆడుటకు చోటుండును. మావారు కూర్చున్న పదిన్నర దిగినది. మేము కూర్చున్న నాలుగు. మావారి బరువు 84 కిలోలు, మాది 52. స్ప్రింగుమీద 750 అని యచ్చుకొట్టియున్నది. ఒక అంగుళము కుదించుటకు 750 పౌనుల బరువు కావలెనని దాని యర్థము. మా కది స్ప్రింగు గాదు, గూటము. తప్పు దేహమునది గాదని తెలిసిన ఆ క్షణమున మాకు నవ్వును కన్నీరును ఒక్కమాఱే వచ్చినవి.

స్ప్రింగుపై నొక రింగు గలదు. దానిని వదులు చేసిచూచితిమి. అయిదున్నరకు దిగినది గాని, స్ప్రింగు గట్టిదనము మాఱలేదు. రింగు మొదటి బిగువును మార్చును. స్ప్రింగు గుణమును మార్పదు. దీనికి మందు మెత్తని స్ప్రింగే. గాలిషాకు గల సైకిలైనచో పంపుతో ఎవరి బరువునకు తగినట్లు వారు మార్చుకొనవచ్చును. కొనునప్పుడే ఎవరెవ రెక్కుదురని అంగడివాడడిగి యుండవలసినది. అతడు మావారి బరువు మాత్రమడిగెను. మేము ప్రక్కనే నిలిచియుంటిమి. మేమైనను చెప్పి యుండవలసినది.

ఆదివారము సైకిలును ఆటోపై వేసికొని ప్రొద్దుటూరు పోయితిమి. 550 స్ప్రింగు బెంగుళూరినుండి తెప్పింపవచ్చుననియు, 1,800 రూపాయలగుననియు అంగడిలో చెప్పిరి. అత్తగారింట భోజనములైన పిదప మావారు లెక్క తీసిరి. మెత్తని స్ప్రింగైన తాము కూర్చున్నప్పుడు పదునాలుగు దిగును. పెద్దగుంటలో షాకు అడుగు తగులును. “నేను వారమునకు ఆఱుదినము లెక్కుదును. నీవు ఒకదినము. ఆఱింటికోసము చూడవలెనా, ఒకటికోసమా?” అనిరి. వారు కఠినముగా ననలేదు. బడిలో భాగహారము చెప్పినట్లే చెప్పిరి. లెక్క తప్పు గాదు గావున మేము బదులాడలేదు. విస్తరి తీయుటకు లేచితిమి.

తలుపుకడ నాకు మడుచుచున్న అత్తగారు తల యెత్తకయే, “అమ్మిన బంగారము ఎవురిది, నాయనా?” అనిరి.

ఆమె సైకిలును మెచ్చి యనలేదు. నేటికిని దానిని ఇనుమనియే యనుచున్నారు. ఆమె సొమ్ము లెక్క యెఱిగిన మనిషి. మావారు కొంతసేపు చెంబులోని నీళ్లు త్రాగుచుండిరి. తరువాత చొక్కా తొడుగుకొని మఱల అంగడికి పోయిరి.

స్ప్రింగు పదిదినములకు వచ్చినది. ఇప్పుడు మేము కూర్చున్న తొమ్మిది దిగుచున్నది. మావారు రింగును మూడుచుట్లు బిగించుకొని పోవుదురు. పెద్దగుంటలో ఒకప్పుడు ‘ఠక్కు’మనుననియు, ఆ యొక్క గుంటను తప్పించి పోవుట అలవాటైనదనియు చెప్పుచున్నారు. నిజమో, మా సంతోషమునకై యనిన మాటయో యడుగలేదు. రింగు ఎంతవఱకు త్రిప్పవలెనో తెలియుటకు మరలపై గోళ్లరంగుతో మా గుర్తు, సుద్దతో వారి గుర్తు పెట్టితిమి. సుద్ద చెరగుచున్నది, వారమున కొకమాఱు మఱల దిద్దుచున్నారు. పాత స్ప్రింగు మా వంటింటి కిటికీలో నున్నది. గాలికి తలుపు కొట్టుకొనకుండ దానిని అడ్డముపెట్టుచున్నాము. మా తండ్రిగారు పులివెందులనుండి వచ్చినప్పుడు సైకిలును చుట్టును తిరిగి చూచి, సీటుపై చేయి వేసి, తోటయింటి దూలము మాట ఎత్తబోయి, చీనీకాయల ధర మాటలోనికి దిగిరి.

పోయిన శనివారము పద్యములైన తరువాత పిల్లలు సైకిలును చుట్టుముట్టిరి. మోటారు కట్టివేసి, బడి ముంగిట ఒక్కొక్కరిని ఎక్కించితిమి. అందఱికంటె చిన్నపిల్ల ఎక్కి దిగి, ఇది గట్టిగా నున్నదమ్మా యనినది. షాకు కొలిచితిమి. రింగు పూర్తిగా వదులు చేసినను ఆ పిల్లకు అయిదు దాటలేదు. దాని బరువు ముప్పదియొక కిలోలట. గోళ్లరంగు సీసా తెచ్చి తన గుర్తును గూడ పెట్టుమని పట్టుబట్టినది. పెట్టుటకు మరలపై చోటు లేదు. 350 స్ప్రింగు దొరకునేమో, ఈసారి ప్రొద్దుటూరు పోయినప్పుడు అడుగవలెను.