పోయిన బొమ్మల కోసం

కంబోడియా సినిమా అనగానే నాకు దర్శకుడు రితీ పాన్ గుర్తొస్తారు. 1975లో కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ సేనలు రాజధాని నాం పెన్‌ను ఖాళీ చేయించేనాటికి ఆయన చిన్నపిల్లాడు. ఆకలికీ చాకిరీకీ అయినవాళ్లను పోగొట్టుకుని ఫ్రాన్స్ చేరారు. కంబోడియా పాత దర్శకులు, నటులు చాలామంది ఖ్మేర్ రూజ్ పాలనలోనే హతమయ్యారు, రీళ్లూ నాశనమయ్యాయి.

పాన్ తీసిన 2003 నాటి డాక్యుమెంటరీ ‘ఎస్-21’లో ఒకప్పటి ఖ్మేర్ రూజ్ జైలు కాపలావాడు ఖాళీ గదిలో లేని ఖైదీలను గద్దిస్తాడు. గొంతు, నడక, చేతులు అన్నీ అప్పటిలాగే. చూస్తుంటే ఒళ్లు జలదరించింది.

2013లో ‘ది మిస్సింగ్ పిక్చర్’కు మట్టిబొమ్మలు చేయించి, తెరకెక్కని జ్ఞాపకాలను చూపారు. కాన్‌లో బహుమతీ వచ్చింది. నాకు మాత్రం 2006లో నాం పెన్‌లో ఆయన తెరిచిన బొఫానా దృశ్య భాండాగార కేంద్రమే అంతకన్నా గొప్పది. దేశదేశాల నుంచి పాత చిత్రాలు తెప్పించి అక్కడ ఉచితంగా చూపిస్తారు. కుర్రకారుకు కెమెరా పట్టడం నేర్పిస్తారు.