రాష్ట్రపతి విడిదిలో వంటవాళ్ల దారి

తాడేపల్లిగూడెంలో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఏలూరులో మా పిన్ని కలిసింది. ఆమెది కొల్లేటి ఒడ్డున పల్లె, పెళ్లి వంటల్లో చెయ్యితిరిగిన మనిషి. తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగి, బొల్లారం రాష్ట్రపతి నిలయానికి బయల్దేరాం.

దేశాధినేత విడిది అంటే కొన్నిచోట్ల సముద్రమే. ఇస్తాంబుల్ దగ్గర ఫ్లోర్యాలో 1935లో టర్కీ అధ్యక్షుడు అతాతుర్క్ కోసం కట్టిన ఇల్లు నీళ్లలో స్తంభాల మీద నిలబడింది. ఇప్పుడది మ్యూజియం. మన రాష్ట్రపతి దక్షిణాది విడిది మాత్రం దక్కన్ రాతినేల మీద, 90 ఎకరాల చెట్ల నడుమ ఉంది. ఏడాదికోసారి, ఎక్కువగా డిసెంబరులో రాష్ట్రపతి ఇక్కడికి వస్తారు.

ఇంతటి ఇల్లు ఎన్ని అంతస్తులుంటుందో అనుకున్నాం. ఒకటే అంతస్తు, 11 గదులు! 1860లో కట్టిన ఈ భవనంలో ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్లు విడిది చేసేవారు. స్వాతంత్ర్యం వచ్చాక నిజాం నుంచి తీసుకుని రాష్ట్రపతి కార్యాలయానికి అప్పగించారు. దర్బారు హాలు, భోజనశాల, సినిమా హాలు చూస్తూ నడిచాం.

పిన్ని కాళ్లు ఆగింది సొరంగం దగ్గర. వంటశాల నుంచి భోజనశాలకు వంటకాలు చేరవేసిన దారి అది. పొగకీ, సెగకీ, మంటలకీ భయపడి పెద్ద బంగళాల్లో వంటిల్లు దూరంగా కట్టేవారు. "ఇంత దూరం మోసుకొస్తే పులుసు చల్లారిపోదూ?" అంది పిన్ని. ఆ ప్రశ్న దర్బారు హాల్లో ఎవరికీ తట్టదు. ఇప్పుడు ఆ సొరంగం గోడల నిండా చేర్యాల బొమ్మలు. ఊరూరా కథలు చెప్పేవాళ్ల కోసం నకాషీ చిత్రకారులు గుడ్డ మీద వేసే ఎర్రని పటాల శైలి అది. గిన్నెలు మోసినవాళ్ల దారికి అంతఃపురం కన్నా మంచి అలంకారం దక్కింది. నాకైతే నిలయం మొత్తంలో ఇదే గొప్ప గది.

బయట 120 అడుగుల టేకు జెండా స్తంభం ఉంది. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన నాటి స్తంభానికి ప్రతిరూపంగా 2023 డిసెంబరులో నిలబెట్టారు.

ఒకప్పుడు జనవరిలో కొద్దిరోజులే జనాన్ని రానిచ్చేవారు. 2023 మార్చి 22న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఏడాది పొడవునా తలుపులు తెరిపించారు. సోమవారాలు, ప్రభుత్వ సెలవులు, రాష్ట్రపతి బస చేసే రోజులు తప్ప ఎప్పుడైనా చూడొచ్చు. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని వెళ్లండి. పిల్లల్ని తప్పక తీసుకెళ్లండి.