కాపలాలేని గేటు

మా యుపాధ్యాయ జీవితమున మఱవరాని సాయంకాల మొకటి కలదు. 2011వ సంవత్సరమున మేము కొందఱు బాలురను బాడుగబండిలో మాచర్ల చెంతనున్న యెత్తిపోతల జలపాతమునకు దీసికొని పోయితిమి. తిరుగుదారిలో ప్రొద్దుగ్రుంకువేళ కాపలాలేని రైలుగేటొకటి యెదురయ్యెను. బాలురు పాడుచుండిరి. బండి నడుపువాడు నిలుపకయే పట్టాలు దాటించెను. వాని ప్రక్కనే కూర్చుండియు మేము "ఆపుము నాయనా" యని పలుకమైతిమి. కొలది క్షణములకే వెనుక రైలు దూసికొని పోయెను. బాలురు చప్పట్లు చఱచిరి; మా నోట మాట వెడలలేదు.

2014 జూలై 24వ తేదీన మెదకు జిల్లా మాసాయిపేటయొద్ద నట్టి గేటుననే రైలు బడిబస్సును ఢీకొనగా పదిమందికి పైగా పసిపిల్లలు మరణించిరి. ఆ వార్త చదివి, మా బాలుర పాట జ్ఞప్తికి రాగా, కన్నీరు విడిచితిమి.

ఇట్టిచోట బాధ్యత యెవరిది? 1979లో కేరళమున జరిగిన యిట్టి ప్రమాదమును గూర్చి 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ప్రమాదకరమైన దారిని గేటు, కాపలా లేక విడిచిన రైల్వేవారును బాధ్యులే యనియు, నడుపువాని తప్పును ప్రయాణికులకు అంటగట్టరాదనియు నిర్ణయించెను. నడుపువానికి సైతము తప్పించుకొను దారి లేదు. అజాగ్రత్తగా దాటించినచో 1989 నాటి రైల్వే చట్టము 161వ సెక్షను ప్రకారము ఏడాదివఱకు చెఱసాల శిక్ష కలదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 131వ సెక్షను మమ్ము మిక్కిలి కలచినది. అట్టి గేటునొద్ద బండి నాపవలెను. కండక్టరో, క్లీనరో, బండిలోని మఱియొకరో దిగి, రైలు రాకుండుట చూచి, ముందు నడచి దాటింపవలెను. ఎవరును లేనిచో నడుపువాడే దిగవలెను. నాడు ఆ "మఱియొకరు" మేమే! పిల్లలయందు దోషము లేదు. దిగవలసినవారము మేము దిగలేదు.

2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గములందలి కాపలాలేని గేట్లన్నియు తొలగింపబడినవి. అయినను మూసిన గేటుక్రింద సైకిలు వంచి దూరు విద్యార్థులను మేము చూచుచునే యున్నాము. తలిదండ్రులారా, వారిని వారింపుడు. గేటు పడినందున బడికి ఆలస్యమైనదని చెప్పు విద్యార్థిని మేమెన్నడును మందలింపము; క్షేమముగా వచ్చితివి గదా యని లోనికి రమ్మందుము.