డిస్కు చదవని యంత్రం

ఇంటిలోని యంత్రం ఒకటి ఆగిపోయినప్పుడు దుకాణదారుడు చెప్పే మాటను కాదనగలిగే జ్ఞానం మనలో చాలామందికి ఉండదు. "లేజరు పోయింది, డ్రైవు మొత్తం మార్చాలి" అని అతడంటే తల ఊపి డబ్బు లెక్కపెట్టి ఇస్తాము, లేదా ఆ వస్తువును అటక మీద పడవేస్తాము. పిల్లలు ఆడుకునే వీడియో గేమ్ కన్సోళ్ళ విషయంలో ఇది మరీ ఎక్కువ. గల్ఫ్ నుండి సెలవుపై వచ్చే తండ్రులు, మేనమామలు అట్టపెట్టెలలో మోసుకొచ్చిన ఈ యంత్రాలు రాయచోటి మొదలుకొని జగిత్యాల వరకు మన ఇళ్ళలో ఉన్నాయి. వాటిలో కదిలే భాగాలు ఎక్కువగా ఉండేది డిస్కును తిప్పి చదివే డ్రైవులోనే. కనుక జబ్బు కూడా తరచుగా అక్కడే మొదలవుతుంది. పిల్లలు ఏ ఆట ఆడాలి, ఎంతసేపు ఆడాలి అన్నది వేరే చర్చ. దానిని మరొకసారి చూద్దాము. ఇప్పుడు మేము వ్రాయదలచినది మరమ్మతు గురించి మాత్రమే.

ఈ పనిని మేము దారుల్ ఉలూమ్‌లో నేర్చుకోలేదు గాని, దాని మొదటి పాఠం మాత్రం అక్కడిదే. మా విద్యార్థి దశలో వసతి గృహమంతటికీ ఖిరాఅత్ క్యాసెట్లు వినడానికి ఒకే ఒక టేపు రికార్డరు ఉండేది. స్వరం మూసుకుపోయినట్లు వినిపించినప్పుడల్లా మా ఉస్తాద్ గారు పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, టేపు తాకే హెడ్డును తుడిచేవారు. స్వరం వెంటనే తేటపడేది. దానిని మరమ్మతు దుకాణానికి పంపిన రోజు మాకు గుర్తు లేదు. డిస్కు డ్రైవులో టేపు లేదు, రాసుకునే హెడ్డు లేదు, కాంతి మాత్రమే ఉన్నది. అయినా ఆ దూదిపుల్ల ఇక్కడ కూడా చాలావరకు పని చేస్తుంది.

డిస్కులో సమాచారం కంటికి కనిపించనంత సన్నని గుంటల వరుసగా, లోపలి నుండి అంచు వైపుకు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. తొలి ప్లేస్టేషన్ 1994లో సీడీతో వచ్చింది. 2000లో ప్లేస్టేషన్ 2 డీవీడీతో, 2006లో ప్లేస్టేషన్ 3 బ్లూ-రే డిస్కుతో వచ్చాయి. సీడీలో ఒక చుట్టకూ మరొక చుట్టకూ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, డీవీడీలో 0.74, బ్లూ-రేలో 0.32 మాత్రమే. చుట్టలు దగ్గరయ్యేకొద్దీ వాటిని చదివే లేజరు కాంతి తరంగం కూడా చిన్నదవుతూ వచ్చింది: 780 నానోమీటర్ల నుండి 650కి, అక్కడి నుండి 405కు. డిస్కును ఒక మోటారు తిప్పుతుంది. లేజరును మోసే చిన్న పెట్టె పట్టాల మీద ముందుకూ వెనుకకూ జరుగుతుంది. దాని పైనున్న లెన్సు వెంట్రుకల వంటి తీగల మీద తేలుతూ, తిరిగే డిస్కు ఎత్తుపల్లాలను బట్టి క్షణక్షణమూ పైకీ క్రిందికీ కదులుతుంది. ఇంత సున్నితమైన ఏర్పాటు మీద వంటింటి పొగ, అగరొత్తుల మసి, వేసవి దుమ్ము పేరుకుంటే అది తడబడడంలో ఆశ్చర్యం లేదు. అందుచేత "చదవడం లేదు" అనగానే లేజరు చనిపోయిందని అనుకోనక్కరలేదు.

యంత్రాన్ని విప్పకముందే తెలుసుకోగలిగినది చాలా ఉన్నది. మొదట మరొక డిస్కు వేసి చూడాలి. అది ఆడితే దోషం మొదటి డిస్కుది. ఏ డిస్కూ ఆడకపోతే చెవి దగ్గరగా పెట్టి వినాలి. డిస్కు తిరుగుతున్న శబ్దమే లేకపోతే మోటారునో, డిస్కును పట్టి ఉంచే బిగింపునో అనుమానించాలి. తిరిగి, మధ్యమధ్య టకటకమని వెతుకుతూ ఆగిపోతుంటే లెన్సు మీద దుమ్మో, పట్టాల మీద ఎండిన గ్రీజో కావచ్చు. సీడీలు ఆడి డీవీడీలు ఆడకపోవడం, లేదా బ్లూ-రే ఆడి డీవీడీ ఆడకపోవడం వేరే సంగతి. ఒక్కొక్క రకానికి వేరు కాంతి కావాలి కనుక, తుడిచినా ఆ తేడా అలాగే ఉంటే, ఒక లేజరు బలహీనపడిందని అనుమానించవచ్చు. తొలి ప్లేస్టేషన్ యంత్రాలకైతే వింత వైద్యం ఒకటి ఉండేది. వాటిలో లేజరు పెట్టె విద్యుత్ సరఫరా భాగానికి దగ్గరగా ఉండడం వలన వేడికీ, రాపిడికీ ప్లాస్టిక్ అరిగి లెన్సు వాలిపోయేది. జనం యంత్రాన్ని తలక్రిందులు చేసి ఆడుకునేవారు, అది పని చేసేది కూడా! తరువాతి నమూనాలలో ఆ భాగాన్ని వేడికి దూరంగా జరిపారు.

డిస్కును తుడిచేటప్పుడు మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుండి అంచుకు తిన్నగా తుడవాలి. పళ్ళెం తోమినట్లు గుండ్రంగా తుడవకూడదు. అడ్డంగా పడిన గీతను యంత్రం సవరించుకోగలదు గాని, చుట్టల వెంట సాగే గీత వరుసగా సమాచారాన్ని మింగేస్తుంది. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో డిస్కు తిరుగుతుండగా యంత్రాన్ని కదిలిస్తే సరిగ్గా అటువంటి వృత్తాకారపు గీతలే పడుతున్నాయని అమెరికాలో కొనుగోలుదారులు దావా వేశారు. అది సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. అయితే 2017లో వచ్చిన తీర్పు వ్యాజ్యం నడపవలసిన పద్ధతిని గురించినదే తప్ప గీతల సంగతి తేల్చలేదు. తీర్పు ఎలా ఉన్నా, ఆడుతున్న యంత్రాన్ని పిల్లలు నిలువుగా, అడ్డంగా తిప్పకుండా చూడడం మన చేతిలోని పని. మరొక మాట: సీడీలో సమాచారపు పొర బొమ్మ ఉన్న పై వైపునకు ఆనుకుని ఉంటుంది, కనుక పైన పడిన లోతైన గీత అడుగున పడిన గీత కంటే ప్రమాదకరం. బ్లూ-రేలో అది అడుగు నుండి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. సీడీల మీద వాడే పాలిష్‌ను దాని మీద ప్రయోగించరాదు.

ఇక లెన్సు. యంత్రాన్ని కరెంటు నుండి పూర్తిగా వేరు చేసి, కొంతసేపు ఆగి, అప్పుడు విప్పాలి. మూత తీసి ఉంచి యంత్రాన్ని నడపడం, లేజరు వైపు చూడడం పిల్లల చేత ఎట్టి పరిస్థితిలోనూ చేయించకండి. సీడీ లేజరు కాంతి కంటికి దాదాపు కనిపించదు, కంటికి హాని మాత్రం చేయగలదు. చెవులు తుడుచుకునే దూదిపుల్లను 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, పిండి, పసిబిడ్డ కనురెప్పను తాకినట్లు తాకాలి. నొక్కితే లెన్సును మోసే తీగలు వంగుతాయి. గోళ్ళ రంగు తుడిచే ద్రవం వాడకూడదు, అందులోని అసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. అత్తరు కూడా పనికిరాదు. వాసన ఘాటుగా ఉన్నంత మాత్రాన అది స్పిరిట్ కాదు, నూనె. ఒక పెద్దాయన నిజంగానే అత్తరుతో ప్రయత్నించి, ఆ యంత్రాన్ని మా వద్దకు తెచ్చారు. గది అంతా పరిమళించింది గాని డిస్కు ఆడలేదు. ఆల్కహాల్ అన్న పేరు విని కొందరు సోదరీమణులు సందేహిస్తారు, మమ్మల్ని అడిగారు కూడా. ఇది త్రాగే మద్యం కాదు, ద్రాక్ష నుండో ఖర్జూరం నుండో తీసినది కాదు. పెట్రోలియం నుండి వచ్చే పదార్థంతో తయారై, తుడవడానికీ, క్రిమిసంహారానికీ వాడబడే విష ద్రవం. యంత్రం తుడవడానికి దీనిని వాడవచ్చుననే మేము చెబుతాము. పిల్లలకు అందకుండా పెట్టండి, చాలు.

లెన్సు తుడిచినా లేజరు పెట్టె జరగడంలో ఇబ్బంది పడుతుంటే పట్టాల మీది ఎండిన గ్రీజును తీసివేసి, ప్లాస్టిక్‌కు హాని చేయని తెల్ల గ్రీజును ఆవగింజంత పూయాలి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వద్దు. ట్రే బయటకు వచ్చే యంత్రాలలో ట్రే ఇరుక్కుపోతే లోపలి రబ్బరు బెల్టు జిడ్డు పట్టి జారుతున్నదేమో చూడాలి. తుడిచినా జారుతుంటే కొత్త బెల్టు వేయాలి, దానికి పెద్ద ఖర్చు కాదు.

ఇక్కడ దుకాణాల సంగతి ఒకటి చెప్పక తప్పదు. చాలా పాత డ్రైవులలో లేజరుకు అందే విద్యుత్తును సవరించే చిన్న మర ఒకటి ఉంటుంది. దానిని కొంచెం త్రిప్పితే బలహీనపడిన లేజరు ప్రకాశవంతమై డిస్కు వెంటనే ఆడుతుంది. చూసేవారికి అది అద్భుతంగా తోస్తుంది. అయితే మోయలేని బరువు మోపబడిన ఆ లేజరు కొద్ది వారాలకో, నెలలకో పూర్తిగా ఆరిపోతుంది. ఆ సంగతి ముందుగా చెప్పి, యజమాని ఒప్పుకుంటే చేయడం ఒక రకం. చెప్పకుండా చేసి "కొత్త లేజరు వేశాము" అని డబ్బు తీసుకోవడం మరొక రకం. మొదటిది వ్యాపారం. రెండవదానికి ఏ పేరు పెట్టాలో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. నిజంగా కొత్త లేజరు వేయించుకుంటే పాతదానిని చేతికి ఇమ్మని అడగండి. స్వయంగా వేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: స్థిర విద్యుత్తు నుండి కాపాడడానికి అనేక కొత్త లేజరు పెట్టెల మీద టంకం చుక్క ఒకటి పెట్టి పంపుతారు. తీగ తగిలించిన తరువాత దానిని కరిగించి తీసివేయకపోతే లేజరు వెలగదు. కొత్త భాగం కూడా చెడిపోయినదే అనుకుని పారవేసినవారు ఉన్నారు.

మా చెల్లెలి ఇంటి యంత్రం విషయం కూడా ఇటువంటిదే. ఆమె భర్త కువైట్‌లో పని చేసేవారు. చివరి సెలవులో పిల్లవానికి కన్సోల్ తెచ్చి ఇచ్చి వెళ్ళారు, తరువాత అక్కడే మరణించారు, అల్లాహ్ ఆయనపై కరుణ చూపుగాక. ఆ సెలవులోనే జరిగిన పిల్లవాని బిస్మిల్లా వేడుకను ఊరి వీడియోగ్రాఫరు డీవీడీలోకి ఎక్కించి ఇచ్చాడు. ఇంట్లో వేరే డీవీడీ ప్లేయరు లేదు కనుక దానిని ఆ కన్సోల్‌లోనే వేసుకుని చూసేవారు. ఒకరోజు డిస్కు లోపలికి వెళ్ళి బయటకు రాలేదు. పట్టణంలోని దుకాణంలో డ్రైవు మొత్తం మార్చాలని, లోపలి డిస్కు విరిగితే తమ బాధ్యత కాదని చెప్పారు. మా చెల్లెలు యంత్రాన్ని దుప్పట్టాలో చుట్టుకుని బస్సులో మా ఊరికి వచ్చింది. "భాయీజాన్, యంత్రం పోతే పోనీ, లోపల ఆయన గొంతు ఉంది" అన్నది.

మా వద్ద హిఫ్జ్ చేసి ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే శిష్యుడు ఒకడు ఇషా నమాజు తరువాత పనిముట్లతో వచ్చాడు. డిస్కును నోటిలోకి లాక్కొనే యంత్రాలలో కొన్నింటికి, కరెంటు లేకుండానే డిస్కును బయటకు తీయడానికి ఒక మర ఉంటుంది. ప్లేస్టేషన్ 4లోనూ అటువంటిదే ఉన్నది. "హజ్రత్, తొందరపడితే విరుగుతుంది" అంటూ అతడు దానిని పావు చుట్టు, పావు చుట్టు చొప్పున త్రిప్పాడు. డిస్కు అంచు కనిపించాక అసలు దోషం బయటపడింది. వీడియోగ్రాఫరు డిస్కు పైన పిల్లవాని ఫోటో ముద్రించిన కాగితపు స్టిక్కరు అంటించాడు. యంత్రపు వేడికి దాని జిగురు కరిగి, అంచు లేచి, రబ్బరు రోలర్లకు చుట్టుకున్నది. లేజరుకు ఏమీ కాలేదు. రోలర్ల మీది జిగురు స్పిరిట్‌తో తుడిస్తే డ్రైవు యథాప్రకారం పని చేసింది. ఆ డిస్కును మాత్రం అందులో మళ్ళీ వేయనివ్వలేదు. కంప్యూటరు డ్రైవులో పెట్టి నెమ్మదిగా ప్రతి తీశాడు. అంచు దగ్గర ఉన్న చివరి కొద్ది నిమిషాలు రాలేదు. పిల్లవాడు "ఇఖ్రా" అనడం, అక్షరం పలకడంలో తడబడితే తండ్రి నవ్వుతూ సరిదిద్దడం మాత్రం మిగిలాయి. చెల్లెలు దానిని ఒకసారి విని, పిల్లవానిని పిలవమన్నది.

దుకాణదారుడు చెప్పినట్లు డ్రైవు మొత్తం మార్చి ఉంటే ఆ యంత్రం అసలు ఆడి ఉండేది కాదేమో. ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3, 4 వంటి యంత్రాలలో డ్రైవులోని చిన్న బోర్డును ప్రధాన బోర్డుతో రహస్య సంకేతం ద్వారా జతపరుస్తారు. వేరే యంత్రపు డ్రైవును యథాతథంగా తెచ్చి పెడితే అది ఆటలను గుర్తించదు. కనుక డ్రైవు మార్పించేటప్పుడు పాత బోర్డును తప్పక దాచి, కొత్త డ్రైవుకు దానినే అమర్చమనాలి. నకలు ఆటలను అరికట్టడానికే ఈ ఏర్పాటు. కంపెనీల భయం అర్థం చేసుకోదగినదే గాని, కొన్న వస్తువును బాగుచేసుకునే దారిని కూడా అది మూసివేస్తుంది. 2021 అక్టోబరులో అమెరికా కాపీరైటు నిబంధనలలో కన్సోళ్ళ మరమ్మతుకు ఒక మినహాయింపు లభించింది, అది కూడా డిస్కు డ్రైవు వరకే. రక్షణ ఏర్పాటును విప్పితే మరమ్మతు తరువాత తిరిగి అమర్చాలన్న షరతు ఉంది. మన దేశంలో 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. సెల్‌ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు దాని పరిధిలోకి వస్తాయి. 2023లో వచ్చిన ప్లేస్టేషన్ 5 సన్నని నమూనాలో డ్రైవును ఎవరైనా చేతితో తీసి పెట్టవచ్చు. అయితే కొత్తది పెట్టిన తరువాత జతపరచడానికి ఒకసారి ఇంటర్నెట్ ఉండి తీరాలి.

డ్రైవే లేని కన్సోళ్ళు కొన్నేళ్ళుగా అమ్ముడవుతున్నాయి. కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి అది ఎప్పుడో పోయింది. నిఖా, అఖీఖా, హజ్ వీడ్కోలు వీడియోలు ఇంకా డీవీడీలలోనే ఉన్న ఇళ్ళు మాత్రం మన చుట్టూ చాలా ఉన్నాయి. కంప్యూటరుకు యుఎస్‌బీ తీగతో తగిలించే డీవీడీ డ్రైవులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఒక వీధికి ఒకటి ఉన్నా సరిపోతుంది. ప్రతి తీసేముందు డిస్కు పైన కాగితపు స్టిక్కరు ఉన్నదేమో, దాని అంచు లేచినదేమో చూడండి. లేచి ఉంటే నోటిలోకి లాక్కొనే యంత్రంలో వేయకండి, ట్రే ఉన్న డ్రైవులోనే వేయండి.